పొగగొట్టం లేని రైతు ఇల్లు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్‌లో ఉన్న ఆరుబయలు మ్యూజియంలో బేలీఫ్ అనే పాత రైతు ఇల్లు చూశాము. దాని ముందు గోడ మధ్యభాగం లోపలికి ఉండడానికీ, పొగగొట్టం లేకపోవడానికీ కారణమేమిటి? ఇలాంటి ఇళ్లను పాత ఓడల కలపతో కట్టేవారన్న మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చూసినది కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే వీల్డెన్ తరహా ఇల్లు. నిజానికి మధ్యభాగం లోపలికి జరగలేదు, రెండు చివరలే ముందుకు వచ్చాయి. చివరి గదులకు మేడ ఉంది. ఆ మేడ నేలను మోసే కొయ్యల కొసలను కింది గోడ దాటి బయటికి పొడిగించి, వాటి మీద పై గోడ నిలిపారు. నడిమి హాలుకు మేడ లేదు కాబట్టి దాని గోడ కింది గోడల వరుసలోనే ఉండిపోయింది. పైకప్పు మాత్రం మొత్తానికీ ఒక్కటే కావడంతో, హాలు ముందు చూరు కింది దూలాన్ని వంపు తిరిగిన కొయ్యలు మోస్తున్నాయి.

హాలు పైకప్పు దాకా తెరిపిగా ఉండడం పొగ కోసమే. నేల మధ్యన పొయ్యి మండేది. పొగ వాసాల దాకా లేచి కప్పు సందుల్లోంచి బయటికి పోయేది. 16వ శతాబ్దంలో, ఆ తరువాత, చాలామంది రైతులు ఇటుక పొగగొట్టాలు కట్టించి, హాలుకు కూడా మేడ వేయించుకున్నారు. అలా మారిన ఇళ్లలో సైతం అటక ఎక్కి చూస్తే మసి పట్టిన వాసాలు పాత హాలు ఆనవాళ్లు చూపుతాయి.

ఓడల కలప కథ ఇంగ్లండ్‌లో ఇంటింటా వినిపిస్తుంది కానీ, దాదాపు ఎక్కడా రుజువు కాదు. దూలాల్లో ఉపయోగం లేని బెజ్జాలు చూసి ఓడ కలప అనుకుంటారు; నిజానికి అవి ఆ ఇంట్లోనే తరువాత తీసేసిన గోడవో, వేరే కట్టడం నుంచి తెచ్చిన దూలానివో అయివుంటాయి. ఎండిన ఓక్‌ను ఉలితో తొలవడం మహా కష్టం; అందుకే వడ్రంగులు కొత్తగా నరికిన పచ్చి ఓక్‌నే వాడేవారు. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, రెండో కొయ్య బెజ్జంలోకి దించి, రెండింటినీ కలిపి కొయ్యచీల కొట్టేవారు. రెండు కొయ్యల్లోని చీల రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా రాకుండా కావాలనే కాస్త పక్కకు తొలిచేవారు కాబట్టి చీల దిగుతున్నకొద్దీ అతుకు దగ్గరకు లాగుకునేది. గోడల ఖాళీల్లో తడికలు అల్లి, మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తేవారు. ఈ పని మన పల్లెలకు కొత్త కాదు.

ఇంటి కొయ్య చట్రాన్ని ముందు వడ్రంగి తన ఆవరణలోనే కూర్చి, అతుకుల మీద రోమన్ అంకెల్లాంటి గుర్తులు గీసి, విప్పి బండ్ల మీద తెచ్చి ఇంటి స్థలంలో నిలబెట్టేవాడు. 15వ శతాబ్దం మొదట్లో కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర కట్టిన బేలీఫ్‌కు, 1960ల చివర్లో బౌ బీచ్ జలాశయం వల్ల ముప్పు వచ్చినప్పుడు, దానిని విప్పి తరలించి 1972లో సింగిల్టన్‌లో మళ్లీ నిలబెట్టగలగడానికి ఈ నిర్మాణ పద్ధతే వీలు కల్పించింది.