పిల్ల మాట వినకముందు ఏమీ రాయకు

హనుమకొండ
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. సుబేదారి కాలేజీల బీఏ తెలుగు, దాంతోపాటు ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీల చిన్నపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా, రెండూ కలిపి చదువుతనంటున్నవట. "నీ తొవ్వలనే పోతనంటుంది అక్కా, జర నువ్వన్న చెప్పు" అన్నడు. ఫోన్ పెట్టేసినంక నాకు నిద్ర పట్టలే. మన ఇంట్ల ఈ అంగన్‌వాడీ పనికి చదువు కావాలనుకున్నది నువ్వొక్కదానివే. సంతోషమైంది. భయం కూడా అయింది. అందుకే లేవంగనే కాయితం పట్టుకున్న.

మామూలు సంగతులు ముందు. రెండు కోర్సులు ఒకేసారి చదువుకోవచ్చని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2022 ఏప్రిల్‌ల చెప్పింది, ఎవరన్న కుదరదంటే బెదరకు. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ దోస్త్‌ల ఆప్షన్లు నువ్వే కూసోని పెట్టుకో, నెట్ సెంటర్ పిలగాని చేతుల పెట్టకు. డిగ్రీల కాలు కుదిరినంకనే డిప్లొమా ఫీజు కట్టు. రెండిటి పరీక్షల తేదీలు ఒక్క క్యాలెండర్ మీదనే రాసుకో. పొద్దుగాల తినకుంట బస్సెక్కకు.

"పలక పట్టరాని పిల్లలకు చెప్పనీకి కాలేజీ చదువెందుకు" అని మీ బాపు అన్నడు. నేను ఊకోలే. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఒక్క దశ కిందనే పెట్టింది. ఒకటో తరగతి, రెండో తరగతి వచ్చి మా అంగన్‌వాడీ పిల్లల వరుసల కూసున్నయి. మనిషి మణికట్టుల ఎనిమిది చిన్న ఎముకలుంటయి, పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏండ్లు గడిచినకొద్దీ ఒక్కొక్కటి గట్టిపడతది. అది ఎరుక లేకనే మూడేండ్ల పిల్లకు పెన్సిలిచ్చి, 'అ' దిద్దలేదని చెవి మెలిపెడతరు. నేను మట్టి పిసికిచ్చిన, చింతగింజలు ఏరిచ్చిన. "ఊకె ఆటలేనా టీచరమ్మా" అని తల్లులు కోపానికొచ్చేది. ఆ మట్టిముద్దతోని వేళ్లకు బలమొస్తదని చెప్పేంత చదువు అప్పుడు నాకు లేదు. నీకుంటది. నాకు గర్వం అందుకే.

నాకు భయం పుట్టించింది నీ తెలుగు. కోపం తెచ్చుకోకు. మొన్న పెండ్లిల మీ చిన్నమ్మ కొడుకు 'శనివారం' అనబోయి 'సనివారం' అన్నడని నలుగుట్ల మూడుసార్లు పలికిచ్చినవు. వానికి ఐదేండ్లు. ఆ తర్వాత వాడు మాపటిదాక నీ దిక్కు రాలే. నువ్వు చూడలే, నేను చూసిన. నాకు నా పాత రోజులు యాదికొచ్చినయి.

ఉద్యోగంల చేరిన రెండో ఏడు. అప్పుడు మానుకోట, అదే మహబూబాబాద్, మన వరంగల్ జిల్లాలనే ఉండె. నా సెంటర్‌కు దగ్గరి తండా నుంచి నాలుగేండ్ల ఆడపిల్ల వచ్చేది. తలకు నూనె పెట్టి, రెండు జడలేసి పంపేది తల్లి. పిల్ల వచ్చి గుంజకు ఆనుకొని కూసునేది. ఆవు బొమ్మ చూపిచ్చి "ఇదేంది?" అంటే పలకదు. పేరడిగితే పలకదు. ఏమన్న పెడితే తింటది, లేచి పోతది. నాలుగు నెలలు ఇదే తీరు. నేను రిజిస్టర్‌ల ఆ పిల్ల పేరు పక్కన రెండు ముక్కలు రాసిన: మాటలు రావు. రాసి ఊకున్ననా? తల్లిని పిలిచి, పది మంది ముందట, పెద్ద గొంతుతోని, "నీ బిడ్డ మూగది, పట్నం తీస్కపోయి చూపియ్యి" అన్న. ఆమెకు తెలుగు సగమే తెలుసు. ఆ సగం తెలుగుల 'మూగది' అన్న మాట ఉన్నది.

మిరపకాయ ఏరే కాలం. రెండు దినాల కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయికి అప్పు చేసి, పిల్లను ఎత్తుకొని పెద్ద దవాఖానకు పోయింది. చెవులు చూసిన్రు, నాలుక చూసిన్రు, ఏమీ లేదని పంపిచ్చిన్రు. ఆమె తిరిగొచ్చి సెంటర్ వాకిట్ల నిలబడ్డది. నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండని ఇప్పటికీ అనుకుంట.

ఆ వారమే బరువులు తూయనీకి కాంట భుజానేసుకొని తండాకు పోయిన. ఒక ఇంటెనక నుంచి గలగల మాటలు. తొంగి చూస్తే మా పిల్లే! తమ్మున్ని ఒళ్లె కూసోపెట్టుకొని, రొట్టె ముక్క తుంచి పెడుతూ, కోడిని అదిలిస్తూ, ఏదో కథ చెప్తుంది. మధ్యల గొంతు మారుస్తది, నవ్వుతది. అంత మాటకారి పిల్లను నేను నా సెంటర్‌ల ఎన్నడూ చూడలే. ఒక్క ముక్క నాకు అర్థం కాలే, అంతా లంబాడీ. తలెత్తి నన్ను చూడంగనే నోరు మూసింది. ఆ పిల్లకు మూగతనం తెచ్చింది నా మొఖమే, బిడ్డా.

మా ఆయమ్మది అదే తండా. ఆమె దగ్గర నేర్చుకోవుడు మొదలువెట్టిన. యాడి అంటే అమ్మ. బాటి అంటే రొట్టె. తెల్లారి పిల్ల పక్కన కూసోని ఆ ముక్కలు పలికిన, ఏదో వంకరగ పలికినట్టున్న. పిల్ల కిసుక్కున నవ్వి సరిజేసి చెప్పింది. నా సెంటర్‌ల అది పలికిన మొదటి మాట అదే.

రిజిస్టర్‌ల రాసింది కొట్టేసిన. తండాల పిల్లల నోళ్లల్ల నుంచి కొట్టెయ్యలేకపోయిన. ఆ పిల్ల పెండ్లికి పోతే ఒక ముసలమ్మ "మూగపిల్లకు కూడ మంచి సంబంధం దొరికింది" అన్నది. పదిహేనేండ్లు దాటినంక! అన్నం ముద్ద గొంతు దిగలే.

తారాబాయి మోదక్ అనే ఆమె 1945ల మహారాష్ట్రల బోర్డి అనే ఊర్ల పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టింది. ఆదివాసీ పిల్లలు బడికి రాకుంటే బడినే వాళ్ల వాకిళ్లల్లకు తీస్కపోయింది. అంగన్ అంటే వాకిలి. ఆ పేరుతోని జీతం తీసుకుంట, రెండో ఏడు దాకా నేను ఆ పిల్ల వాకిలి తొక్కలే. నువ్వు మొదటి నెలలనే తొక్కు.

డిప్లొమాల ప్రాజెక్టు పని ఉంటది, పిల్లలను చూసి రాయమంటరు. 'మొండోడు' అని రాయకు. 'బంతి అడిగితే ఇయ్యలే, వెనుకకు దాచుకున్నడు' అని రాయి. ఇంట్ల ఏ భాష మాట్లాడుతరో మొదటి గీతల రాయి. మానుకోట దిక్కు లంబాడీ, ములుగు దిక్కు కోయ, మన హనుమకొండ గల్లీలల్లనే ఉర్దూ. తెలుగు ఇండ్లల్ల సుత జాగ్రత్త. పుస్తకంల బంగాళాదుంప ఉంటది, పిల్ల ఆలుగడ్డ అంటది. గోంగూర బొమ్మ చూసి పుంటికూర అంటది. తప్పని గీత కొట్టకు. తెలుగు చదివినదానివి, ఆ రెండు మాటలూ నీవే అని పిల్లకు చెప్పేది నువ్వే.

మీ బాపుతోని నేను మాట్లాడుత, ఫీజు సంగతి నువ్వు మనసుల పెట్టుకోకు.

వచ్చే ఆదివారం రా. పుంటికూర పప్పు వండుత, తినంగనే మానుకోట బస్సెక్కుదాం. ఆ తండా పిల్లకు ఇప్పుడు కోడలొచ్చింది, మనుమరాలు అంగన్‌వాడీకి పోతుంది. నీ గురించి చెప్తే తోల్కరమ్మన్నది. వచ్చేలోపు లంబాడీ నాలుగు ముక్కలన్న నేర్చుకో. వంకరగ పలికినా ఏం కాదు, ఆమె సరిజేస్తది.

నీ మేనత్త