బూట్లు సరే మాస్టారూ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కనిగిరిలో టీచర్‌ని. జనవరిలో స్నేహితులతో కలిసి జైసల్మేర్ దగ్గర థార్ ఎడారిలో ఐదు రోజులు, రోజుకు 15 కిలోమీటర్లు నడవాలనుకుంటున్నాం. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాళ్ల నొప్పికి ఏడాదిగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను, తగ్గుతోంది. ఇసుకలో నడవడానికి ఎలాంటి బూట్లు కొనాలి?

జవాబు: బూట్ల సంగతి చివర్లో చెబుతాను. ఏడాదిగా డైక్లోఫెనాక్ అన్నారు, ఎవరు రాసిచ్చారో చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నారనే అనుకుంటున్నాను. పిల్లలకు చెప్పే మీరే ఇలా చేస్తే ఎలా?

మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి కిడ్నీలోని రక్తనాళాలను వదులు చేస్తుంది, రెండోది ఒంట్లోని ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది. డైక్లోఫెనాక్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, బీపీని కూడా పెంచుతుంది. ఈ మూడూ ఉండగా ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. అందరికీ అలా జరగదు. జరిగినవాళ్లకు మాత్రం మొదట్లో నొప్పీ ఉండదు, ఏమీ ఉండదు.

చలికాలమే కదా అంటారేమో. జనవరిలో అక్కడ పగలు 24 డిగ్రీలుంటే రాత్రికి 8కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. చలికి దాహం తెలియదు, మూత్రం ఎక్కువ పోతుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టిందీ తెలియదు. రాత్రి టెంట్ దాటి బయటికెళ్లడానికి బద్ధకించి సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాళ్లూ ఉంటారు. దాహం వేసేదాకా ఆగకండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చిందంటే తాగేది చాలడం లేదని.

పైగా మీది కనిగిరి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు నేను చెప్పక్కర్లేదు. కీళ్లు, నడుము పట్టేయడం దానివల్ల కూడా కావచ్చు. కీళ్ల అరుగుదలేనని మీకు మీరే తేల్చుకోకుండా ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించండి.

కనీసం నెల ముందే క్రియాటినిన్, పొటాషియం, షుగర్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, ఈసీజీ చేయించండి. ఇసుకలో నడక మామూలు రోడ్డు మీద కంటే దాదాపు రెట్టింపు శ్రమ. గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో లేదో మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి. రిపోర్టులు చూడకుండా వెళ్లమనీ, వద్దనీ నేను అనలేను. డైక్లోఫెనాక్ మాత్రం ఈరోజే ఆపేయండి. నొప్పి మరీ ఎక్కువైతే పారాసెటమాల్, అదీ డాక్టర్‌ని అడిగాకే. బీపీ మాత్ర సొంతంగా ఆపొద్దు. ఆ ఐదు రోజులకు మార్చాలా అన్నది రాసిచ్చినవారిని అడగండి.

అక్కడ మూత్రం తగ్గినా, వాంతులైనా, ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా గ్యాస్ అనుకుని ముందుకు నడవకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక బూట్లు. చీలమండ పైదాకా వచ్చేవి, అర సైజు పెద్దవి తీసుకోండి. కొత్తవి వేసుకుని నేరుగా రైలెక్కకుండా, ఒంగోలు వచ్చినప్పుడు కొత్తపట్నం బీచ్ ఇసుకలో వాటితో రెండు మూడు సార్లు నడిచి చూడండి.