డ్రోన్ కోర్సా, ఎంటమాలజీయా? దీవుల్లో పురుగుల మీద నిఘా పని చెయ్యాలనుకునేవాళ్ళకి

బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనల్ ఇయర్‌లో ఉన్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పసిఫిక్ మహాసముద్రంలోని గువాం, హవాయి లాంటి దీవుల్లో బయట్నుంచి వచ్చిపడ్డ పురుగుల్ని డ్రోన్లతో కనిపెడుతున్నారని వీడియోలో చూసిందట, తనకీ ఆ పనే చెయ్యాలనుందట. వెంటనే డ్రోన్ పైలట్ కోర్సులో చేరిపోవాలా, ఎమ్మెస్సీ ఎంటమాలజీకి, అంటే పురుగుల శాస్త్రానికి, వెళ్ళాలా అని అడుగుతోంది. నాన్నగారేమో డ్రోన్ ఎగరెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా అంటున్నారట. చివర్లో ల్యాప్‌టాప్ గురించి కూడా అడిగింది.

చూడమ్మా, సూటిగా చెప్పేస్తా, డ్రోన్‌కి పురుగు కనపడదు. నువ్వు వీడియోలో చూసింది కొబ్బరి కొమ్ము పురుగు గురించే అయ్యుంటుంది, అది రాత్రిపూట ఎగురుతుంది, పగలు మొవ్వులో దూరి కూర్చుంటుంది, దాని పిల్ల పురుగులేమో కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లో, చెత్త కుప్పల్లో ఉంటాయి. మరి పైనుంచి కెమెరాకి ఏం దొరుకుతుంది అంటే, విచ్చుకున్న మట్టల మీద కత్తెరతో కోసినట్టు త్రికోణంగా ఉండే కోతలు, అంతే. అంటే డ్రోన్ తెచ్చేది పురుగు చేసిపోయిన నష్టం ఫోటో మాత్రమే. ఆ ఫోటో చూసి ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో చెప్పగలిగిన మనిషికే ఈ ఫీల్డ్‌లో విలువ.

ఎప్పుడు అనేది ఎందుకు ముఖ్యమంటే, పురుగు కొరికేది ఇంకా విచ్చుకోని మట్టని, ఆ మట్ట బయటికొచ్చి విచ్చుకునేసరికి వారాలు, నెలలు గడిచిపోతాయి. కొబ్బరికి రమారమి నెలకో మట్ట వస్తుంది కాబట్టి కింది మట్టల మీద కోత ఉంటే అది పాత కథ, పై మట్టల మీద ఉంటే ఈమధ్యది. ఇది తెలియనివాళ్ళు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోతల లెక్క మొత్తం కూడేసి పురుగు పెరిగిపోతోంది అని రిపోర్ట్ రాసేస్తారు, నిజానికి పురుగు అప్పటికే తగ్గిపోయి ఉండొచ్చు. అలాగే గాలికి చీలిన మట్టకీ పురుగు కోసిన మట్టకీ తేడా తెలిసుండాలి, ఎందుకంటే ఏఐ మోడల్‌కి నేర్పించడానికి వేల ఫోటోల మీద గుర్తులు పెట్టేది మనుషులే, వాళ్ళకి తెలియనిది మోడల్‌కి ఎక్కడ్నుంచి వస్తుంది!

ఈ పురుగు కథ కొంచెం చెప్తా, ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది. దీని సొంత ఊరు దక్షిణాసియా, ఆగ్నేయాసియా. 1909లో శ్రీలంక నుంచి వెళ్ళిన రబ్బరు మొక్కలతో పాటు సమోవా చేరింది, అక్కడ్నుంచి పసిఫిక్‌లో పాకింది. 1960ల్లో మలేషియాలో దీనికి సోకే ఒక వైరస్‌ని గుర్తించారు, దాన్ని దీవుల్లో వదిలాక చాలా చోట్ల అదుపులోకి వచ్చింది కూడా. హమ్మయ్య అనుకుంటుంటే 2007లో గువాంలో బయటపడ్డ రకం ఆ వైరస్‌కి లొంగలేదు. 2013లో హవాయిలోని ఒవాహు దీవిలో కనపడింది, 2015లో సోలమన్ దీవుల్లో, 2023లో హవాయిలోని మిగతా పెద్ద దీవుల్లో. వైరస్ పని చెయ్యట్లేదు కాబట్టి ఇప్పుడు చేతిలో ఉన్నది ముందుగా కనిపెట్టడం, పురుగు పెరిగే కుప్పల్ని తీసేయడం, ట్రాప్‌లు, పురుగుని చంపే ఫంగస్ లాంటివే. నిఘాకి ఇంత డిమాండ్ వచ్చింది అందుకే.

నా లెక్కలో డ్రోన్ అన్నిటికన్నా బాగా పనికొచ్చే చోటు తుఫాను తర్వాత. 2015లో డాల్ఫిన్ తుఫాను గువాంలో కొబ్బరి చెట్లని కూల్చేస్తే ఆ కుళ్ళిన మొద్దుల్లో పురుగు విపరీతంగా పెరిగింది. రోడ్లు లేని చోట ఎక్కడెక్కడ చెట్లు పడ్డాయో నడిచి వెతకాలంటే రోజులు పడుతుంది, అదే పైనుంచి మ్యాప్ తీస్తే ముందు ఏ కుప్ప ఎత్తెయ్యాలో తేలిపోతుంది. మట్టల కోతలు లెక్కపెట్టడం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం అని నాకనిపిస్తుంది.

ఇంకోటి చెప్తే నీకు నిరాశగా ఉండొచ్చు. గువాం యూనివర్సిటీ వాళ్ళు రోడ్ల వెంబడి సర్వే కోసం డ్రోన్ కూడా వాడలేదు, కారుకి స్మార్ట్‌ఫోన్ బిగించి, వెళ్తూ వెళ్తూ వీడియో తీసి, అందులో కోతల్ని ఏఐతో గుర్తుపట్టించారు. ఖర్చు తక్కువ, పర్మిషన్ల గొడవ లేదు, మళ్ళీ మళ్ళీ చెయ్యొచ్చు. హవాయిలో చిన్న నిప్పు చీమ అనే ఇంకో శత్రువుంది, దాన్ని పట్టడానికి పుల్లలకి పీనట్ బటర్ రాసి తోటలో పెట్టి గంట తర్వాత చూస్తారు! కాబట్టి ఏ పురుగుకి ఏ పద్ధతో ఎంచుకోవడం తెలియాలి, చేతిలో డ్రోన్ ఉంది కదా అని ప్రతిదానికీ ఎగరెయ్యకూడదు. మల్టీస్పెక్ట్రల్ కెమెరా (కంటికి కనపడని కాంతిని కూడా పట్టేది) ఉంటే తెగులు ఇట్టే తెలిసిపోతుంది అని ఎవరైనా కోర్సు అమ్మితే జాగ్రత్త, ఆకు పసుపెక్కడం ఉప్పుగాలి వల్ల కావచ్చు, నీళ్ళు లేక కావచ్చు, పొటాష్ తక్కువై కావచ్చు, పై నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, కింద ఒక మనిషి వెళ్ళి చెట్టు చూడాల్సిందే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తా. ఎమ్మెస్సీ ఎంటమాలజీకే వెళ్ళు, దాంతో పాటు జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాప్‌ల పని), రిమోట్ సెన్సింగ్ (పైనుంచి తీసిన ఫోటోల్ని చదవడం) నేర్చుకో, పైలట్ సర్టిఫికెట్ ఆఖర్న. ఎందుకంటే అది అన్నిటికన్నా తొందరగా వచ్చేది, అందరికీ వచ్చేది. గువాం, హవాయి అమెరికా పాలన కింద ఉన్నాయి కాబట్టి అక్కడ ఉద్యోగం కోసం ఎగరెయ్యాలంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే పార్ట్ 107 డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, 16 ఏళ్ళు నిండితే చాలు. మామూలుగా 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ కంటికి కనపడుతూ ఉండాలి. ఫిజీ, సోలమన్ దీవుల రూల్స్ వాళ్ళవి వాళ్ళకున్నాయి. కొన్ని వారాలు కూర్చుని చదివితే వచ్చే అర్హత మీద కెరీర్ మొత్తం కట్టకు, అంతే నా భయం.

డిగ్రీ అయ్యేలోపు ఒక చిన్న ప్రాజెక్ట్ చెయ్యమంటా. గాలి చీల్చిన మట్ట ఏది, కొమ్ము పురుగు కోసింది ఏది, ఎరువు లేక పసుపెక్కింది ఏది అని ఒక రెండు మూడొందల ఫోటోలు నువ్వే తీసి గుర్తులు పెట్టు, ఫోన్ కెమెరా చాలు. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం, నెట్‌లో దొరికే డ్రోన్ ఫోటోలు తీసుకుని అతికించి మ్యాప్ తయారుచెయ్యడం నేర్చుకో, కొంచెం పైథాన్, కొంచెం స్టాటిస్టిక్స్. ఎత్తుకీ పిక్సెల్‌కీ ఉన్న లెక్క మాత్రం నోటికి వచ్చెయ్యాలి, మామూలు మ్యాపింగ్ డ్రోన్ 100 మీటర్ల నుంచి తీస్తే ఒక పిక్సెల్ దాదాపు 3 సెంటీమీటర్లు, ఎత్తు రెట్టింపైతే అదీ రెట్టింపు, అప్పుడు చిన్న కోతలు మాయమైపోతాయి. ఎత్తు తగ్గిస్తే స్పష్టంగా వస్తుంది గానీ ఒక్కో బ్యాటరీకి కవర్ అయ్యే స్థలం తగ్గిపోతుంది, దీవుల్లో గాలి, వాన సంగతి సరేసరి.

నాన్నగారికి ఇలా చెప్పు. ఉద్యోగాలు ఉన్నాయి, కానీ డ్రోన్ పైలట్ పేరుతో తక్కువ, బయోసెక్యూరిటీ (బయటి పురుగులు, తెగుళ్ళు రాకుండా కాపలా), ప్లాంట్ హెల్త్, డేటా అనలిస్ట్, రీసెర్చ్ అసిస్టెంట్ పేర్లతో ఎక్కువ. గువాం, హవాయి యూనివర్సిటీలు, దీవుల వ్యవసాయ శాఖలు, న్యూ కాలెడోనియాలోని న్యూమెయాలో హెడ్డాఫీస్ ఉన్న పసిఫిక్ కమ్యూనిటీ అనే దీవుల ఉమ్మడి సంస్థ, ఇలాంటి చోట్ల చూడాలి. చాలావరకు గ్రాంట్ల మీద నడిచే కాంట్రాక్ట్ పోస్టులు, డబ్బులు ఆగితే పోస్టు ఆగుతుంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగాలకి ఎక్కువ శాతం ఆ దేశ పౌరసత్వం అడుగుతారు కాబట్టి నీ దారి ఎక్కువగా పీహెచ్‌డీ సీటు లేదా యూనివర్సిటీ ప్రాజెక్ట్ ద్వారానే ఉంటుంది. ఇంకా దీవి అంటే బీచ్ ఫోటోలు కావని కూడా ఇంట్లో చెప్పు, పసిఫిక్‌లోని జాన్‌స్టన్ అటాల్ అనే పగడపు దీవిలో 2010లో ఎల్లో క్రేజీ చీమ కనపడితే మనుషులెవరూ నివసించని ఆ చోట టీములు వంతులవారీగా క్యాంపుల్లో ఉండి పని చేశాయి, 2021లో గానీ చీమ పోయిందని ప్రకటించలేదు.

ల్యాప్‌టాప్ విషయానికొస్తే, మ్యాప్ అతికించడానికి ర్యామ్ ఎక్కువ కావాలి, 16 జీబీ ఉంటే మొదలుపెట్టొచ్చు, 32 అయితే హాయి. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా మోడల్ ట్రైనింగ్ ఆన్‌లైన్లో ఉచితంగా దొరికే, కోడ్ రాసి నడిపే నోట్‌బుక్ పేజీల్లో కానిచ్చెయ్. డ్రోన్ మాత్రం ఇప్పుడే కొనకు.