పాఠకుల ప్రశ్నలు: సీ లైబ్రరీ మారినప్పుడు

ప్రశ్న: నేను నిర్వహిస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ సీ భాషలో ఉంది. ఇతర లినక్స్ పంపిణీలలో ఏళ్ల తరబడి నిలకడగా నడుస్తున్న ఈ ప్రోగ్రామ్ ఆల్పైన్ లినక్స్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అయింది. కానీ పెద్ద ఫైళ్లు ఇచ్చినప్పుడు ఒక థ్రెడ్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ఆగిపోతోంది. రెండూ లినక్సే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు: కెర్నల్ ఒకటే అయినా, మీ ప్రోగ్రామ్ ఎక్కువగా ఆధారపడేది కెర్నల్ మీద కాదు, దానికీ తనకూ మధ్య ఉండి మెమరీ, ఫైళ్లు, థ్రెడ్ల వంటి వాటికి ప్రామాణిక ఫంక్షన్లను అందించే సీ లైబ్రరీ మీద. చాలా పంపిణీలలో ఆ లైబ్రరీ గ్నూ ప్రాజెక్టు వారి గ్లిబ్‌సీ. ఆల్పైన్ మాత్రం 2014 నుంచి మసల్ అనే మరో సీ లైబ్రరీని వాడుతోంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మొదట అనుమానించవలసింది థ్రెడ్ స్టాక్ (ఫంక్షన్ల స్థానిక వేరియబుల్స్ ఉండే మెమరీ) పరిమాణాన్ని. కొత్త థ్రెడ్‌కు ఎంత స్టాక్ ఇవ్వాలో మీరు చెప్పకపోతే, గ్లిబ్‌సీ ప్రాసెస్‌కు ఉన్న స్టాక్ పరిమితినే తీసుకుంటుంది. అది సాధారణంగా 8 మెగాబైట్లు. మసల్ ఇచ్చేది 128 కిలోబైట్లే. ఫంక్షన్ లోపల ప్రకటించిన ఒక పెద్ద బఫర్, లేదా ఫైల్ పెరిగేకొద్దీ లోతు పెరిగే రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం), ఈ చిన్న స్టాక్‌ను సులభంగా దాటిపోతుంది.

థ్రెడ్‌ను సృష్టించే ముందు దాని యాట్రిబ్యూట్లలో స్టాక్ పరిమాణాన్ని ఒక మెగాబైటుకు పెంచి చూడండి. క్రాష్ ఆగిపోతే కారణం దొరికినట్లే. అయితే అక్కడితో వదిలివేయవద్దని నా సలహా: పెద్ద బఫర్లను హీప్‌లోకి (మాలాక్ ఫంక్షన్‌తో అడిగి తీసుకునే మెమరీలోకి) మార్చి, మీకు నిజంగా అవసరమైన స్టాక్ పరిమాణాన్ని కోడ్‌లోనే స్పష్టంగా అడగండి. యూనిక్స్ తరహా సిస్టములకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణం 8 మెగాబైట్లకు ఎన్నడూ హామీ ఇవ్వలేదు కాబట్టి, దీనిని మసల్ లోపంగా చూడడం న్యాయం కాదు.

ప్రశ్న: మా ప్రాజెక్టు కోడ్ అంతటా ఆపరేటింగ్ సిస్టమ్ పేరును బట్టి దారి మళ్లించే షరతులు నిండిపోయాయి. కొత్త సిస్టమ్ ఒకటి చేర్చినప్పుడల్లా పాతది ఏదో చెడుతోంది. దీనికి మేలైన పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. “ఇది ఏ సిస్టమ్?” అని అడగడం మానివేసి, “ఈ ఫంక్షన్ ఇక్కడ ఉందా, ఉంటే నేను కోరిన విధంగా ప్రవర్తిస్తుందా?” అని అడగాలి. పోర్టింగ్‌లో (ప్రోగ్రామును వేరే సిస్టముకు తరలించడంలో) మిగిలిన మెళకువలన్నిటికంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే సిస్టమ్ పేరు మారకుండానే దాని లైబ్రరీ మారిపోతూ ఉంటుంది.

స్ట్రింగును హద్దు మీరకుండా కాపీ చేసే స్ట్రెల్‌కాపీ ఫంక్షన్ దీనికి మంచి ఉదాహరణ. ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అది 1998 నుంచి ఉంది. గ్లిబ్‌సీలో చాలాకాలం లేదు. అందువల్ల అనేక ప్రాజెక్టులు “లినక్స్ అయితే మా సొంత స్ట్రెల్‌కాపీని వాడు” అని రాసుకున్నాయి. 2023లో వచ్చిన గ్లిబ్‌సీ 2.38లో ఆ ఫంక్షన్ చేరడంతో, అదే పేరుతో స్టాటిక్ ఫంక్షన్ రాసుకున్న కోడ్‌లో హెడర్‌లోని ప్రకటనకూ దానికీ పొసగక కంపైలర్ తప్పు చూపింది. మసల్ అయితే తనను గుర్తుపట్టేందుకు ఒక మాక్రోను (కంపైల్ సమయంలో పరీక్షించగల పేరును) కూడా ఉద్దేశపూర్వకంగానే ఇవ్వదు. పేరు చూసి నిర్ణయించే అలవాటును ప్రోత్సహించకూడదన్నదే దాని రచయితల అభిప్రాయం. మొదట్లో అది ఇబ్బందిగా తోచినా, సరైన నిర్ణయమనే నేను భావిస్తాను.

ఫంక్షన్ ఉన్నదీ లేనిదీ ఆటోకాన్ఫ్, సీమేక్, మెసాన్ వంటి బిల్డ్ సాధనాలు చిన్న పరీక్షా ప్రోగ్రామును కంపైల్ చేసి తెలుసుకుంటాయి. కానీ ఉన్నంత మాత్రాన సరిపోదు. లోప సంఖ్యకు సందేశాన్ని ఇచ్చే స్ట్రెర్రర్-ఆర్ ఫంక్షన్‌కు రెండు రూపాలు ఉన్నాయి: పోసిక్స్ రూపం పూర్ణాంకాన్ని తిరిగి ఇస్తుంది, గ్నూ రూపం సందేశానికి పాయింటర్‌ను ఇస్తుంది, మీరు పంపిన బఫర్‌ను అసలు ముట్టుకోకపోవచ్చు కూడా. అమరిక ఫంక్షన్ క్యూసార్ట్-ఆర్ విషయంలో పాత బీఎస్‌డీ రూపానికీ గ్నూ రూపానికీ ఆర్గ్యుమెంట్ల వరుసే వేరు. 2024 పోసిక్స్ గ్నూ వరుసను స్వీకరించింది. ఫ్రీబీఎస్‌డీ కూడా 14వ విడుదలతో ఆ వరుసకు మారింది. ఇటువంటి చోట్ల పరీక్షా ప్రోగ్రాము ఫంక్షన్ పేరును మాత్రమే వెతకకుండా, దాని రకం కూడా మీరు ఆశించినదేనా అని చూడాలి.

లేని ఫంక్షన్లకు ప్రత్యామ్నాయాలను ఒకే డైరెక్టరీలో ఉంచండి. మిగిలిన కోడ్ ప్రామాణిక రూపాన్నే పిలవాలి. అన్నీ స్వయంగా రాయనవసరం లేదు. గ్నూ ప్రాజెక్టు వారి గ్నూలిబ్ ఇందుకోసమే సోర్స్ రూపంలో లభిస్తోంది. అయితే అందులో ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో లైసెన్స్ ఉంటుంది కనుక, తీసుకునే ముందు మీ లైసెన్స్‌తో పొసగుతుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: విండోస్‌లో మా లైబ్రరీ డీఎల్ఎల్‌గా (విండోస్ షేర్డ్ లైబ్రరీగా) కంపైల్ అవుతోంది. అది ఇచ్చిన స్ట్రింగును వాడుకరి ప్రోగ్రామ్ ఫ్రీ చేసినప్పుడు క్రాష్ అవుతోంది. లినక్స్‌లో ఈ సమస్య లేదు.

జవాబు: లినక్స్‌లో సాధారణంగా ఒక ప్రాసెస్‌కు ఒకే సీ లైబ్రరీ ఉంటుంది. విండోస్‌లో ఒకే ప్రాసెస్‌లో రెండు మూడు ఉండవచ్చు: పాత మింగ్‌డబ్ల్యూ (విండోస్ కోసం గ్నూ కంపైలర్ల కూర్పు) బిల్డులు వాడే ఎమ్మెస్‌వీసీఆర్‌టీ ఒకటి, విజువల్ స్టూడియో 2015తో వచ్చిన యూసీఆర్‌టీ మరొకటి, స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రామ్ ఫైలులోనే, కలిపిన ప్రతి కూడా ఇంకొకటి. ఒక దానిలో మాలాక్‌తో తీసుకున్న మెమరీని మరొక దానికి చెందిన ఫ్రీ ఫంక్షన్‌కు ఇవ్వడం చెల్లదు. ఫైల్ పాయింటర్లు, ఫైల్ డిస్క్రిప్టర్లు కూడా ఈ హద్దు దాటకూడదు. అన్ని భాగాలనూ ఒకే రన్‌టైమ్‌తో (సీ లైబ్రరీతో) కంపైల్ చేయించడం ఒక మార్గమే గాని, మీ లైబ్రరీని ఎవరు దేనితో కలుపుతారో మీ చేతిలో లేదు. కనుక మెమరీని కేటాయించే ప్రతి ఫంక్షన్‌కు జతగా, దానిని విడిపించే ఫంక్షన్‌ను కూడా మీ లైబ్రరీయే అందించాలి. ఆ పద్ధతి అన్ని సిస్టముల్లోనూ పనిచేస్తుంది.

విండోస్‌కు వెళ్తున్నారు కనుక మరో రెండు విషయాలు చెప్పకుండా ఉండలేను. బైనరీ ఫైళ్లను తెరిచేటప్పుడు మోడ్‌లో ‘బి’ అక్షరాన్ని తప్పక చేర్చండి. లేకపోతే రాసేటప్పుడు పంక్తి చివరి బైటు రెండు బైట్లుగా మారుతుంది, చదివేటప్పుడు 26 విలువ గల బైటు దగ్గరే ఫైల్ ముగిసినట్లు కనిపిస్తుంది. పోసిక్స్ సిస్టముల్లో ఆ అక్షరం వల్ల హాని ఏమీ లేదు. ఇక 64 బిట్ల విండోస్‌లో లాంగ్ పరిమాణం 4 బైట్లే, 64 బిట్ల లినక్స్‌లో 8. ఫైల్ స్థానాలను, పాయింటర్లను లాంగ్‌లో దాచిన ప్రతి చోటునూ వెతికి సరిచేయవలసిందే.

ప్రశ్న: కొత్త పంపిణీలో కంపైల్ చేసిన బైనరీ పాతదానిలో “గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు” అంటోంది. స్టాటిక్ లింకింగ్ దీనికి పరిష్కారమా?

జవాబు: గ్లిబ్‌సీ తన ఫంక్షన్ల పేర్లకు వెర్షన్లను జతచేస్తుంది. పాత బైనరీ కొత్త లైబ్రరీతో నడిచేది అందువల్లనే. కొత్త బైనరీకి పాత లైబ్రరీతో ఆ వెసులుబాటు ఉండదు. 2021లో వచ్చిన 2.34లో ప్రోగ్రామును ప్రారంభించే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ వచ్చింది కనుక, దానితో మామూలుగా లింక్ చేసిన అతి చిన్న ప్రోగ్రామ్ కూడా ఆ వెర్షన్‌నే కోరుతుంది. మీరు మద్దతు ఇవ్వదలచిన అతి పాత పంపిణీని కంటైనర్‌లో ఉంచుకొని, విడుదల బైనరీలను అందులోనే కంపైల్ చేయండి.

గ్లిబ్‌సీని స్టాటిక్‌గా కలపడాన్ని నేను సిఫారసు చేయను. హోస్ట్ పేరును వెతికే ఫంక్షన్లు అప్పటికీ నడిచే సమయంలో అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలను కోరతాయి. స్టాటిక్ బైనరీ తప్పనిసరి అయితే మసల్‌తో నిర్మించండి. దాని ఎంఐటీ లైసెన్స్ కూడా అందుకు అనుకూలం. అయితే మొదటి ప్రశ్నలో చెప్పిన స్టాక్ పరిమాణాన్ని అప్పుడు మీరే చూసుకోవాలి. మ్యాక్‌ఓఎస్‌లో మాత్రం సిస్టమ్ లైబ్రరీని స్టాటిక్‌గా కలపడానికి ఆపిల్ మద్దతు ఇవ్వదు. అక్కడ కనీస వెర్షన్‌ను డిప్లాయ్‌మెంట్ టార్గెట్‌గా కంపైలర్‌కు ముందే తెలియజేయాలి.