బ్రిటిష్ మ్యూజియంకి వెళ్తున్న సింధుకి

అమ్మా సింధూ,

ఈ శుక్రవారం బ్రిటిష్ మ్యూజియంకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. పొద్దున్నే చేరుకోవాలని టెన్షన్ పడకు. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, సాయంత్రం తీరిగ్గా వెళ్లు. ప్రవేశం ఉచితమే, అయినా ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకో. పెద్ద సూట్‌కేసులు లోపలికి రానివ్వరు.

అన్నీ చూసేయాలనుకోకు తల్లీ. ఈజిప్టు, గ్రీసు, చైనా ఒక్కపూటలో చుట్టేస్తే కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలవు. రొసెట్టా రాయి దగ్గర ఎప్పుడూ తిరునాళ్ల జనమే. దాని మీద ఒకే శాసనం మూడు లిపుల్లో ఉంది, ఈజిప్టు బొమ్మల రాతను చదవగలిగింది దాని వల్లే. ఓసారి చూసి కదిలిపో. నన్నడిగితే రెండే గదులు చాలు.

మొదటిది 10ఏ. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పాత నీనెవే నగరంలో, అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ రాజభవనం గోడలకుండే సింహాల వేట శిల్పాలు అక్కడున్నాయి. చెక్కి 2,600 ఏళ్లు దాటింది. పక్కనున్న వివరాలు ముందే చదవకు, బొమ్మ ముందు నిలబడు. ఓ ఆడసింహం కనిపిస్తుంది. ఒంట్లో బాణాలు దిగాయి, వెనకకాళ్లు చచ్చుబడ్డాయి, అయినా ముందుకాళ్ల మీద లేచి గర్జిస్తోంది. ఇంకోచోట బోను తలుపు పైకెత్తి సింహాన్ని వదులుతున్న పిల్లవాడున్నాడు, వాణ్ణి తప్పక వెతుకు. వాణ్ణి చూశాకే, ఇది అడవిలో వేట కాదనీ, పట్టి తెచ్చిన సింహాలను వదిలి చంపుతున్నారనీ తెలుస్తుంది. రాజు ముఖంలో చలనమే ఉండదు. ఆ శిల్పి ప్రాణం పెట్టింది సింహాల మీదే అని నా నమ్మకం.

రెండోది 33ఏ, మన అమరావతి బౌద్ధ స్తూపం రాళ్లుండే గది. ఆ రోజు తెరుస్తారో లేదో ముందే వెబ్‌సైట్‌లో చూసుకో. అక్కడ రెండు వైపులా చెక్కిన పలకొకటి ఉంది. పాతవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం, పాదముద్రలు ఉంటాయి, బుద్ధుడి రూపం మాత్రం ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం చెక్కారు. అందులో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉంటాడు. ఆ రెండు వైపులకీ మధ్య మన కృష్ణాతీరంలో మనుషులు దేవుణ్ణి తలుచుకునే తీరే మారిపోయింది. ఆ పలక దగ్గర ఎంతసేపైనా ఉండు. చేతనైనట్టు పెన్సిల్‌తో బొమ్మ వెయ్యి, ఫోన్ తర్వాత తియ్యవచ్చు. గీస్తుంటే కంటికి ఆననివి కూడా ఆనతాయి.

ఆ అమరావతి రాళ్లు అక్కడికెలా చేరాయో కూడా తెలుసుకో. ఊరు కట్టుకోవడానికి మనవాళ్లే స్తూపం రాళ్లు తవ్వుకుపోయారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపాడు, అక్కణ్ణించి 1859లో లండన్‌కి ఓడెక్కించారు. అవి మన నేల మీదే ఉండాల్సినవని నేనంటాను. నీకేమనిపించిందో రాయి.

మిగతా పలకలు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్దాం. లండన్‌లో గీసిన పుస్తకం వెంట తెచ్చుకో.

ప్రేమతో,
పెద్దమ్మ