దెయ్యాల సినిమాలన్నీ ఒకేలా ఉంటే కాపీ అనాలా, ప్రభావం అనాలా?

ఈ ప్రశ్న నాకు ఇంజినీరింగ్ మూడో ఏట ఎదురైంది, అదీ ఆడిటోరియం నిండా జనం ముందు.

కాలేజీ ఫెస్ట్‌కి నలుగురం కలిసి ఆరు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. హాస్టల్ బాత్రూమ్‌లో కుళాయి కింద బకెట్ నిండి పొర్లుతుంటుంది, కట్టేద్దామని కుర్రాడు వంగితే నీళ్లలో జుట్టు, అంతే కథ. నాటకాల సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి సవరం తెచ్చాం. తడిసేసరికి దాని రంగు దిగి బకెట్ అంతా సిరా అయిపోయింది, ఆ నల్లనీళ్లే మా సినిమా మొత్తంలో భయపెట్టిన ఒకే ఒక్క షాట్. జడ్జిగా వచ్చినాయన మైకు తీసుకుని "జపాన్ సినిమా ఎత్తేశారు కదా బాబూ" అన్నాడు. హాలంతా నవ్వు.

నేను ఆ జపాన్ సినిమా చూసిందే లేదు! బావిలో చేద వేస్తే జుట్టు పైకొచ్చిందని మా అమ్మమ్మ చెప్పిన కథ అది. ఉక్రోషంతో ఆ రాత్రే 1998 నాటి 'రింగు' చూశాను. బావి, జుట్టు, తెల్లబట్టలు. పక్కనే కూర్చున్న మా కెమెరామన్ అప్పుడు నోరు విప్పాడు, వాడు దాన్ని మూడుసార్లు చూశాడట, యాంగిల్స్ అన్నీ అక్కడివేనట. "చెప్తే ఒప్పుకోవని చెప్పలేదురా." అంటే కథ నాది, కళ్లు దొంగవి.

అలాగని 'రింగు' మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? రాత్రిళ్లు బావిలోంచి పళ్లేలు లెక్కపెట్టే ఒకికు అనే పనిమనిషి దెయ్యం కథ వాళ్లకు వందల ఏళ్లుగా ఉంది. జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యం మీద ఎవడికీ పట్టా లేదు.

ఇంకా పెద్ద తిరకాసు 'నోస్ఫెరాటు'ది. 1897లో వచ్చిన 'డ్రాక్యులా' నవలను హక్కులు కొనకుండా, పేర్లు మార్చేసి 1922లో జర్మనీలో తీసేశారు. రచయిత భార్య కోర్టుకెక్కి గెలిచింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది, ఎలాగో కొన్ని మిగిలాయి. పచ్చి కాపీ, అనుమానమే లేదు. కానీ నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. సూర్యకాంతి తగిలి చచ్చిపోవడం ఈ దొంగ సినిమా పెట్టిందే! ఆ తర్వాత ఎంతమంది రక్తపిశాచులు పొద్దు పొడిస్తే బూడిదయ్యారో లెక్కే లేదు. మరి వాళ్లందరూ ఎవరికి బాకీ?

అందుకే నా లెక్క ఒక్కటే, ఎత్తుకొచ్చినదాన్ని పక్కన పెట్టేస్తే మా నల్లనీళ్లలాంటిది ఒక్కటైనా మిగలాలి. మిగలకపోతే కాపీ. హక్కులు కొని తీసే రీమేకుల సంగతి వేరు.

మన దగ్గర 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక వచ్చిన వరసని మాత్రం నేను కాపీ అని కూడా అనను, అది వ్యాపారం. ఓ బంగళా, చెంపదెబ్బలు తినే కమెడియన్, ఇంటర్వెల్‌కి దెయ్యం. పైగా ఆ సౌండు! తలుపు గడియ తీస్తే బాంబు పేలినట్టు, భయం కాదు, చెవి నొప్పి.

అన్నట్టు, సెలవులకి వెళ్లినప్పుడు మా ఫిల్మ్ అమ్మమ్మకి ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు సర్దుకుని మొత్తం చూసి, "జుట్టేంటిరా, నేను చెప్పింది గాజుల చెయ్యి కదా" అంది.