ముందు ఎంజైము ఎక్కడుందో చెప్పు

విశాఖపట్నం

అమ్మా,

బ్యాక్టీరియా మీద నువ్వు రాసిన వ్యాసం మొత్తం చదివాను. పడ్డ కష్టం తెలుస్తూనే ఉంది. పేజీ నిండా ఎంజైముల పేర్లున్నాయి గానీ, ఏది ఎక్కడుండి పనిచేస్తుందో ఒక్కచోటా లేదు. బ్యాక్టీరియా గురించి చదివేవాళ్లకి ముందు కావాల్సింది అదే.

"లైసోజైమ్ కణత్వచాన్ని తినేస్తుంది" అని రాశావు. కాదమ్మా, అది కోసేది బయటి కణకవచాన్ని. మన కన్నీళ్లలో, గుడ్డు తెల్లసొనలో ఉండే ఈ ఎంజైమును ఫ్లెమింగ్ 1922లో ప్రకటించాడు, పెన్సిలిన్ కన్నా ఆరేళ్ల ముందు. కవచం లోపలి వైపు రెండు వరసల కొవ్వు అణువులతో పలుచని త్వచం ఉంటుంది. కణం లోపల ఉప్పులు, ప్రొటీన్లు చిక్కగా ఉంటాయి కాబట్టి బయటి నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. టైరు లేకుండా సైకిల్ ట్యూబుకి గాలి కొడుతూ పోతే ఏమవుతుందో, కవచం పోయిన కణానికీ అదే అవుతుంది. పెన్సిలిన్ కూడా త్వచం జోలికి పోదు. కవచం పోగుల్ని ముడివేసే ఎంజైముకి అతుక్కుని దాని పని ఆపేస్తుంది. ముడి పడని కవచంతోనే పెరగబోయి బ్యాక్టీరియా పగులుతుంది. ఈ వరస రాస్తే చాలు, "మహాసంగ్రామం" అనే ఉపశీర్షిక అక్కర్లేదు.

మందుకి లొంగకపోవడంలోనూ చోటే ముఖ్యం. ఇ. కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ రకాలకి బయట ఇంకో త్వచం ఉంది. పెన్సిలిన్‌ను విరిచేసే బీటా లాక్టమేజ్ అనే ఎంజైము ఆ రెండు త్వచాల నడుమ ఉంటుంది. మందు బయటి త్వచంలోని సన్నని రంధ్రాలు దాటి వచ్చీ రాగానే దానికి దొరికిపోతుంది. ఇలాంటి ఎంజైము సంగతి అబ్రహాం, చెయిన్ అనే శాస్త్రవేత్తలు 1940లోనే రాశారు, పెన్సిలిన్ ఇంకా జనం వాడకంలోకి రాకముందే. అందుకే ఈ ఎంజైములు "విచ్చలవిడి వాడకం వల్ల పుట్టాయి" అన్న నీ వాక్యం కొట్టేశాను. వాడకం వల్ల వ్యాపించాయి, అంతకుముందే ఉన్నాయి.

ఒకటి మాత్రం నువ్వు వదిలేసినందుకు బాధేసింది. బ్యాక్టీరియాకి మైటోకాండ్రియా లేవు కాబట్టి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును తయారుచేసే ఎంజైము కణత్వచంలోనే ఇమిడి ఉంటుంది. మొండి టీబీకి ఇచ్చే బెడాక్విలిన్ ఆపేది దాన్నే. 1929లో ఏటీపీని కనుక్కున్నవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఫాస్ఫరస్‌ని కొలవడానికి ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన పద్ధతితోనే, త్వచంలోని ఆ ఎంజైము వెనక్కి తిరిగి పనిచేసినప్పుడు ఏటీపీని ఎంత విరిచిందో కూడా లెక్కగట్టొచ్చు. ఏటీపీ విరిగి విడుదలైన ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ ఉండే ముక్క) ఎంత ఎక్కువుంటే పరీక్ష గొట్టంలో నీలం రంగు అంత ముదురుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ వాళ్లని అడిగి, ఎవరైనా ఈ పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి చూడు. ఎంజైము వేసిన గొట్టం, వెయ్యని గొట్టం పక్కపక్కన పెట్టమను. చూసింది చూసినట్టు రాయి.

టెన్షన్ పడకు. పేర్లు సగం తీసేసి, ఆ నీలం గొట్టాల దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు. ఈసారి కవచానికి, త్వచానికి తేడా తెలిసేలా చిన్న బొమ్మ కూడా గియ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు